అలక సేవ నాడు ఆడిందెవరు?

ఏలూరు, పవర్‌పేట
19-3-2025

చిరంజీవి హరిప్రియకు,

నీ చాముండేశ్వరి అత్తయ్య దీవెనలు. ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటా అనుకోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. నేను ఫోనులో మాట్లాడితే కింద వాటాలో రాజశ్రీకి, ఆమె బట్టల కొట్టుకి, ఆ కొట్టుకొచ్చే బేరాలకీ కూడా వినపడుతుంది. వాట్సాప్ ఉంది గానీ దాన్ని నాకు తెరిచిపెట్టేది రాజశ్రీయే. తెరిచిన మనిషి చదవకుండా ఉంటుందా? నేనైతే చదువుతాను. అందుకని కవరు అంటించిన చోట అడ్డంగా సంతకం కూడా పెట్టి పంపుతున్నాను. ఆ సంతకం చెదిరి ఉంటే వెంటనే రాయి.

మొన్న గోపాలలంకలో స్వామివారి కల్యాణానికి వెళ్ళాను. నువ్వు పదో తరగతి పరీక్షల పనుల్లో పడి రాలేకపోయావని మీ నాన్న చెప్పాడు. మూడో రోజు సాయంత్రం అలక సేవ. మన ఇంటి సేవ గురించి నీకు నేను చెప్పాలా? అయినా వరసగా చెబితే గాని నా అనుమానం నీకు అర్థం కాదు. ఊరేగింపు నుంచి ఆలస్యంగా వచ్చిన స్వామిని అమ్మవారు గడప దగ్గరే ఆపేస్తుంది. ఆ అలకంతా అమ్మవారి వేషం కట్టిన మన ఇంటి మగవాడు ఆడి చూపిస్తాడు. మా తాత ఆడాడు, మా నాన్న ఆడాడు, మోకాళ్ళు అరిగేదాకా మా తమ్ముడు, అంటే మీ నాన్న శ్రీరామమూర్తి ఆడాడు. ఇప్పుడు నీ తమ్ముడు సాయిరామ్ ఆడుతున్నాడు. మీ నాన్న వెనక కూర్చుని తాళాలు వేస్తూ పాడతాడు.

ముఖానికి పచ్చటి అరదళం పూత, నెత్తిన కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం, వీపు మీద కుప్పెల జడ. ఆ వేషంలో కొడుకుని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నేను మాత్రం ఒకటి పోల్చుకున్నాను. ఆ వేషంలో ఉన్నది మన సాయి కాదు.

ఎలాగంటావా? అలిగి గడప మీద కూర్చునేటప్పుడు సాయి చేత్తో నేల తడుముకుని మరీ కూర్చుంటాడు, బస్సులో సీటు వెతుక్కున్నట్టు. ఈ మనిషి ఒక్క ఊపున కూర్చుని మొహం తిప్పుకుంటే నాకే గుండె ఝల్లుమంది. అదలా ఉంచు. సేవ అయ్యాక అమ్మవారు ముందు వరసలో ఉన్న ముత్తయిదువులకు బొట్టు పెడుతుంది కదా. చెవులు వినపడవు కాబట్టి నేనూ ముందు వరసలోనే కూర్చుంటాను. మీ మామయ్య పోయినప్పటి నుంచి ఆ బొట్టు నన్ను దాటి పక్కావిడ దగ్గరకి వెళ్ళిపోతుంది. మీ నాన్న దాటేవాడు, సాయీ దాటేవాడు. ఆచారం అది, వాళ్ళననడానికేమీ లేదు. వాళ్ళకు ఇబ్బంది కలగకుండా నేనే తల వంచుకుంటాను. ఈసారి ఆ మనిషి నా ముందు ఆగి, గడ్డం పట్టుకుని తలెత్తి, నా నొసట కుంకుమ పెట్టాడు!

నా సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా చేయరు. అంటే ఆ మనిషి నన్ను ఎరగడు. అంటే పరాయివాడు. సాయి ఎవడినో పట్టుకొచ్చి మన అమ్మవారి వేషం కట్టించాడు. ధర్మకర్త అచ్యుతరావు సంగతి నీకు తెలుసు. పొగా లైట్లూ ఉన్న నృత్య బృందాన్ని పట్నం నుంచి తెద్దామని ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. మన ఇంటి మనిషి ఆడలేదని తెలిసిన రోజున సేవ మన చేతుల్లోంచి పోతుంది. అది పోతే మీ నాన్న బతకడు.

నువ్వు సాయిని మెల్లగా కదిపి నిజం రాబట్టు. ఇంకెవరినీ అడగలేను. ఈ ఇంట్లో నాతో అబద్ధం చెప్పనిదానివి నువ్వొక్కదానివే.

నీ రాక కోసం కంటే నీ జవాబు కోసం ఎక్కువ ఎదురుచూస్తూ,
చాముండేశ్వరి అత్తయ్య


తాడేపల్లిగూడెం, కడకట్ల
25-3-2025

అత్తయ్యకు హరిప్రియ నమస్కారాలు.

మీ సంతకం చెక్కుచెదరకుండా చేరింది. రాజశ్రీ గారిని ఈ పూటకి వదిలెయ్యండి, పాపం. ఇక్కడ పరీక్షల డ్యూటీలతో ఊపిరి సలపడం లేదు. నిన్ననే లెక్కల పరీక్ష అయింది. రాసిన పిల్లల కన్నా పాఠం చెప్పిన నాకే ఎక్కువ దడగా ఉంది.

మీ అనుమానం చదివి నవ్వొచ్చింది. ఆడింది సాయే అత్తయ్యా. నల్లజర్లలో ఆఫీసు అయ్యాక రోజూ గదిలో సాధన చేశాడు. అందుకే ఈసారి కూర్చునే తీరు బాగుపడి ఉంటుంది. బొట్టు సంగతంటారా, అరదళం చెమటకు కరిగి కళ్ళలోకి దిగితే ఎదుట ఎవరున్నారో తెలియదు. పైగా ఆ కిరీటం బరువు. మా స్కూల్లో కొత్తగా చేరిన డాన్సు మాస్టారు భరత్ గారు కూడా అదే అంటారు, కిరీటం పెట్టుకుని గంట ఆడితే కళ్ళు బైర్లు కమ్ముతాయట. ఆ కంగారులో వాడికి ముదురాకుపచ్చ చీర కనపడిందే గాని అందులో ఉన్నది మీరని తెలిసి ఉండదు. అంతే జరిగింది. దాన్ని మనసులో పెట్టుకోకండి.

ఎండలు ముదురుతున్నాయి. మధ్యాహ్నం పూట పోస్టాఫీసుకు వెళ్ళకండి. ఈ ఊళ్ళో మార్కెట్టు వైపు వెళితే ఉల్లిపాయల ఘాటుకే కళ్ళు మండిపోతున్నాయి.

మీ మీద బెంగతో,
హరి


ఏలూరు
3-4-2025

చి. హరికి,

ఉగాది పచ్చడి ఒక్కదాన్నే చేసుకుని ఒక్కదాన్నే తిన్నాను. అందులో చేదు ఎక్కువైంది. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని తిన్నందుకేమో.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. పిల్లలు రాసినదాంట్లో ఏది సొంతంగా రాశారో, ఏది పక్కవాడిది చూసి రాశారో పట్టుకోవడమే నా ఉద్యోగం. నువ్వు కల్యాణానికి రాలేదని మీ నాన్న చెప్పాడు. మరి నా ముదురాకుపచ్చ చీర నీకెలా తెలిసింది? పొద్దున్నంతా నేను బూడిదరంగు నేతచీరలో ఉన్నాను. సేవకు ముందు చెమట పట్టిందని గుడి వెనక అర్చకుల ఇంట్లో చీర మార్చుకున్నాను. ఈ ఏడు గుళ్ళోకి ఫోన్లు రానివ్వలేదు, ఫొటో అనడానికీ లేదు. కాబట్టి నువ్వు అక్కడున్నావు. ఉండి, నాకు కనపడకుండా దాక్కున్నావు. ఎందుకు?

ఇప్పుడు ఇంకో ముక్క. ఎవరే ఈ భరత్? కొత్తగా చేరాడు, డాన్సు మాస్టారు, కిరీటం బరువు తెలిసినవాడు. నాకు అర్థమైపోయింది. ఆ అబ్బాయి కోసమే నువ్వు దొంగచాటుగా వచ్చావు. సాయి ఏదో వంకతో తప్పుకుంటే నీ మాస్టారికి వేషం కట్టించావు. నువ్వు ఎవరిని పెళ్ళి చేసుకుంటానన్నా నాకు అభ్యంతరం లేదు, చేసుకుంటే చాలని నేనే అంటున్నాను. కాని పెళ్ళిచూపులకు అమ్మవారి వేషం తప్ప ఇంకేమీ దొరకలేదా?

వారం రోజులు చూస్తాను. నిజం రాయకపోతే మీ నాన్నకు నేనే రాస్తాను.

కళ్ళజోడు మార్చుకోవలసిన అవసరం ఇంకా రాని,
అత్తయ్య


తాడేపల్లిగూడెం
8-4-2025

అత్తయ్యా,

నమస్కారాలు కూడా మరిచిపోయేంత కోపం వచ్చింది నాకు. భరత్ గారికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఆయన వార్షికోత్సవానికి పిల్లల చేత సినిమా పాటలకు గెంతులేయిస్తారు. గోపాలలంక ఏ దిక్కున ఉందో కూడా ఆయనకు తెలియదు. దయచేసి ఆ పేరు ఇంకెక్కడా ఎత్తకండి, నేను రేపు స్కూల్లో ఆయన మొహం చూడాలి.

చీర సంగతి సాయి చెప్పాడు. నేను రాలేదంటే రాలేదు.

నాన్నకు రాయొద్దు అత్తయ్యా. అంతగా అడుగుతున్నానంటే అర్థం చేసుకోండి. సాయిని కూడా కొన్నాళ్ళు వదిలెయ్యండి. వాడి కష్టం వాడికుంది. ఒకసారి సేవ బాగా జరిగింది, చూసినవాళ్ళంతా బాగుందన్నారు, మీ గుండే ఝల్లుమందని మీరే రాశారు. అది చాలదా? ఎవరు కట్టారన్నది అంత ముఖ్యమా?

స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. పేపర్లు దిద్దుతూ కూడా మీ ఉత్తరమే గుర్తొస్తోంది.

హరి


ఏలూరు
22-4-2025

హరీ,

చేయకూడని పని చేసి వచ్చాను. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నీ ఉత్తరంలో 'ఎవరు కట్టారన్నది ముఖ్యమా' అన్న మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. సాయి కట్టి ఉంటే నువ్వు ఆ మాట రాయవు. మీ నాన్నకు రాశాను. వారం గడిచినా జవాబు లేదు. మా తమ్ముడు పోస్టుకార్డుకైనా జవాబు రాయకుండా ఉండే మనిషి కాడు. వాడు మౌనంగా ఉంటే నా అనుమానం పదింతలైంది. ఆదివారం నాడు కైకలూరు బస్సెక్కి, చేపల చెరువుల గట్ల మీద ఆటోలో ఊగుతూ గోపాలలంక వెళ్ళాను. మేత లారీ ఒకటి దారికడ్డంగా దిగబడితే చివరి ముక్క నడిచాను కూడా.

మీ నాన్న గుళ్ళో ఉన్నాడు. పక్కన కూర్చుని చెవిలో గుసగుసగా అడిగాను. 'ఏరా, అలక సేవ నాడు ఆడింది సాయి కాదట కదా, పరాయివాడెవడ్రా?' అన్నాను. గుసగుసగానే అన్నాను హరీ. కాని నా గుసగుస ఎంత ఉంటుందో నాకు తెలియదు కదా. గుళ్ళో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. మంటపంలో అచ్యుతరావు కూర్చుని ఉన్నాడు.

మీ నాన్న నా వైపు చూసి, 'చెవులు పోయాయి సరే, కళ్ళు కూడా పోయాయా అక్కయ్యా?' అని లేచి వెళ్ళిపోయాడు. పెదవుల కదలికను బట్టి తెలిసింది. అచ్యుతరావు మాత్రం లేవలేదు. నా దగ్గరకొచ్చి నాకు వినపడేలా గట్టిగా, ఎంతో మర్యాదగా, 'చాముండేశ్వరమ్మ గారూ, మీ అంతటివారు అనుమానపడ్డాక ఊరుకోవడం భావ్యం కాదండీ. వైశాఖ పౌర్ణమి నాడు సాయిరామ్ స్వామి ఎదుట కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తే సరిపోతుందండీ. మీరు కూడా రండి, సాక్షిగా' అన్నాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో!

నా నోటితో నేనే మన ఇంటి సేవను అతని చేతిలో పెట్టి వచ్చాను. నిజంగా సాయే ఆడి ఉంటే ఏ భయమూ లేదు, ప్రమాణం చేస్తాడు. ఆడకపోతే? దేవుడి ముందు అబద్ధం ఆడతాడా, నిజం చెప్పి సేవను వదులుకుంటాడా? వాడి కష్టం వాడికుందని రాశావు. ఏమిటా కష్టం? ఇప్పుడైనా చెప్పు.

అత్తయ్య


తాడేపల్లిగూడెం
26-4-2025

అత్తయ్యా,

ఆడింది నేను.

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆ ముక్క ముందే రాసేశాను. ఇక మిగతాది చెబుతాను. పోయినేడు సేవలో సాయి ఆడుతుంటే ఎవరో ఫోనులో తీసి, దానికి సినిమా పాట అతికించి పంచారు. అది వాడి ఆఫీసుకు చేరింది. అప్పటినుంచి వాడు టీకి లేచినా, సీటులో కూర్చున్నా 'అమ్మవారు వేంచేశారు' అని నవ్వుతున్నారు. తణుకులో కుదరబోయిన సంబంధం వాళ్ళు కూడా ఆ వీడియో చూసి వెనక్కి తగ్గారు. కల్యాణానికి ముందు వాడు నా గదికొచ్చి, 'అక్కా, నేనింక కట్టలేను, నాన్నకు చెప్పలేను' అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కట్టకపోతే సేవ పోతుంది, కడితే వాడు పోతాడేమో అనిపించింది నాకు. 'నేను కడతాలే' అన్నాను. అనేశాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు.

నాకెలా వచ్చని అడుగుతారు. చిన్నప్పుడు సాయికి కుడీ ఎడమా తెలిసేది కాదు. అందుకని నాన్న నేర్పేటప్పుడు వాడికి ఎదురుగా నన్ను అద్దంలా నిలబెట్టేవారు. వాడు నన్ను చూసి వేసేవాడు. వాడు కుడికాలు వేయాలంటే నేను ఎడమకాలు వేయాలి. అలా ఆట మొత్తం నాకు వచ్చు, కాని తిరగేసి వచ్చు. సేవకు ముందు అదంతా మళ్ళీ సరిచేసుకోవడానికి ఎంత కష్టపడ్డానో! ఇక్కడ గదిలో మంచం గోడకు నిలబెట్టి ఆడేదాన్ని.

ఆ రోజు వేషాల గది తలుపు గడియ పెట్టి, సాయే నా ముఖానికి అరదళం పూసి జడ కట్టాడు. గంట మోగేదాకా నాన్న ఆ గదిలోకి రారు కదా. నేను ఆడుతున్నంతసేపూ సాయి ఆ గదిలోనే బియ్యం బస్తాల మీద కూర్చున్నాడు.

మీ మొదటి ఉత్తరం రాగానే చెప్పేద్దామనుకున్నాను. 'నాతో అబద్ధం చెప్పనిదానివి నువ్వొక్కదానివే' అని రాశారు మీరు. అది చదివాక చెప్పడం ఇంకా కష్టమైంది.

ఇప్పుడు మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. పౌర్ణమి నాడు ప్రమాణానికి ముందే మీరు లేచి, పొరపాటు పడ్డాను, ఆడింది సాయే అని చెప్పండి. అనుమానపడిన మనిషే కాదంటే అచ్యుతరావు గారు ఏమీ అనలేరు. సాయి దేవుడి ముందు అబద్ధం ఆడనక్కర్లేదు, సేవ మన ఇంట్లో ఉంటుంది. వచ్చే ఏటి సంగతి సాయీ నేనూ చూసుకుంటాం.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నాకు మళ్ళీ ఆడాలని ఉంది అత్తయ్యా. గడప మీద కూర్చుని మొహం తిప్పుకున్నప్పుడు, ఇన్నేళ్ళూ నేను ఎదురుగా నిలబడ్డ చోటు నుంచి లోపలికి వచ్చినట్టనిపించింది. కాని అది కుదిరే పని కాదని తెలుసు. దాన్ని వదిలెయ్యండి. సేవ మిగిలితే చాలు.

మీ హరి


ఏలూరు
1-5-2025

హరిప్రియకు,

ఉత్తరం చదివి కవరులో పెట్టేశాను. మళ్ళీ తీశాను. కింద రాజశ్రీ 'ఏమైందండీ, ఒంట్లో బాగోలేదా' అని పైకొచ్చింది. అంటే నేను పైకే ఏదో అరిచి ఉంటాను.

నాకు ఒళ్ళు మండిపోతోంది. నెలన్నర పాటు నన్ను ఆడించావు. ఆ పిల్లాణ్ణి దొంగని చేశాను, పిల్లలున్న మాస్టారికి నీతో ముడి పెట్టాను, నా తమ్ముడి ముందు తలవంపులు తెచ్చుకున్నాను. దొంగను పట్టుకొమ్మని దొంగకే ఉత్తరాలు రాశాను! ఒక్క ముక్క ముందే రాసి ఉంటే గోపాలలంక వెళ్ళేదాన్నా?

అదంతా తర్వాత తిడతాను. ముందు ఒకటి తేల్చుకోవాలి. నాకు బొట్టు ఎందుకు పెట్టావు? ఆట కంగారులో వరస తప్పావా? లేక అత్తయ్య పాపం అని జాలిపడ్డావా? ఈ రెండిట్లో ఏదైనా సరే నిజం రాయి. నీ మాట మీద నాకిప్పుడు నమ్మకం లేదు, అయినా అడుగుతున్నాను.

ఎందుకడుగుతున్నానో కూడా చెబుతాను. ఆ సాయంత్రం అర్చకుల ఇంట్లో నొసలు తడవకుండా ముఖం కడుక్కున్నాను. మర్నాడు పొద్దున్న ఆ బొట్టుతోనే బస్సెక్కాను. పక్క సీటావిడ 'మీ వారు రాలేదాండీ?' అని అడిగింది. వినపడనట్టు నవ్వాను. ఏలూరులో దిగి, రాజశ్రీ చూస్తుందని మెట్ల కిందే నిలబడి తుడుచుకున్నాను. తుడుచుకుంటుంటే ఏడుపు ఆగలేదు. నావాళ్ళలో ఎవరైనా ఆ బొట్టు పెడతారని నాకు కలలో కూడా తోచలేదు హరీ. అందుకే పరాయివాడి కోసం వెతికాను.

పౌర్ణమికి వెళతాను. అక్కడ ఏం చెబుతానో నీ జవాబు వచ్చాక ఆలోచిస్తాను.

చాముండేశ్వరి


తాడేపల్లిగూడెం
5-5-2025

అత్తయ్యా,

వరస తప్పలేదు, జాలీ పడలేదు.

అమ్మ పోయాక, నేను ఎనిమిదో తరగతికి వచ్చేదాకా రోజూ నాకు తల దువ్వి, బొట్టు పెట్టి బడికి పంపింది మీరు. మీకప్పటికే మామయ్య లేరు. పేరంటానికి ఎవరొచ్చినా, కుంకుమ పళ్ళెం కదిలే సమయానికి మీరు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. నేను వెనకాలే వచ్చి చూస్తే అక్కడ పనేమీ ఉండేది కాదు. ఖాళీ గిన్నెలు సర్దుతూ ఉండేవారు.

ఆ రోజు వరసలో మీ ముందుకొచ్చేసరికి మీరు తల వంచుకున్నారు. మిమ్మల్ని దాటి పక్కకు జరగాలని నాకు తెలుసు. కాళ్ళు జరగలేదు. రోజూ నాకు బొట్టు పెట్టిన మనిషిని దాటి ఎలా వెళ్ళను?

ఇంతకన్నా నాకు చెప్పడం రాదు. మీకు నమ్మకం లేకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. పౌర్ణమి నాడు మాత్రం సాయిని కాపాడండి.

మీరు దువ్విన తలతోనే ఇంకా తిరుగుతున్న,
హరి


గోపాలలంక
13-5-2025

చిరంజీవి హరిప్రియకు,

ఇంకా ఇక్కడే ఉన్నాను. బస్సు కోసం కాదు, మీ నాన్న వెళ్ళనివ్వలేదు. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. సాయి నీకు ఫోనులో ఏం చెప్పాడో తెలియదు. వాడు భయపడి సగం చూసి ఉండడు.

సాయంత్రం హారతి అయ్యాక అందరూ మంటపంలో కూర్చున్నారు. ఎప్పుడూ గుడికి రానివాళ్ళు కూడా వచ్చారు. అచ్యుతరావు కొత్త పంచె కట్టుకొచ్చాడు, దాంతోనే నాకు సగం తెలిసింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. సాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాడు చెయ్యి చాపబోతుంటే నేను లేచాను. నువ్వు చెప్పమన్నది చెప్పడానికే లేచాను హరీ, నామీద ఒట్టు. 'పొరపాటు పడ్డాను' అనే మాట నోటి దాకా వచ్చింది. ఆ మాట అంటే నా నొసట బొట్టు పెట్టిన చెయ్యి నీది కాదని చెప్పినట్టే కదా. అంతమందిలో అది నా వల్ల కాలేదు. 'కర్పూరం ఆర్పకురా నాయనా, ఆడింది నువ్వు కాదు. నా మేనకోడలు హరిప్రియ ఆడింది' అని చెప్పేశాను. నా గొంతు సంగతి తెలుసు కదా, చెరువుల అవతలకి కూడా వినపడి ఉంటుంది.

నన్ను తిట్టుకో. నువ్వు కాళ్ళు పట్టుకుని అడిగింది నేను చేయలేదు.

ఎవరెవరో ఏమేమో అన్నారు. నాకు నోళ్ళు కదలడమే కనపడింది. అచ్యుతరావు మాత్రం నా దగ్గరగా వచ్చి, 'చూశారాండీ, అపచారం జరిగిపోయింది. ఆడపిల్ల అమ్మవారి వేషం కట్టడమేమిటండీ?' అన్నాడు. 'అమ్మవారు ఆడది కాదాండీ?' అన్నాను నేను. ముందు వరసలో ఆడవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. సేవ మీ ఇంటి మగవాళ్ళది, ఈ ఏడు మగవాడు ఆడలేదు, కాబట్టి వచ్చే ఏటి నుంచి బృందాన్ని పిలిపిస్తానని అందరి వైపూ తిరిగి చెప్పాడు.

అప్పుడు లేచాడు మీ నాన్న. అంతసేపూ స్తంభానికి ఆనుకుని కూర్చున్నవాడు, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచాడు. వాడు నిన్ను తిడతాడని, నన్ను తిడతాడని నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే నాకేమీ తెలియదు కదా, మళ్ళీ తెరిచాను. వాడు అచ్యుతరావు వైపు తిరిగి చెప్పినదంతా తర్వాత సాయి నాకు కాగితం మీద రాసిచ్చాడు. వాడు రాసింది రాసినట్టు ఎక్కిస్తున్నాను.

'ఆ రోజు పాడింది నేనేనండీ. తాళం వేసింది నేనే. ఎవరు ఆడుతున్నారో నాకు తెలియలేదనుకున్నారా? రెండో దరువులో ఎడమకు తిరగాల్సిన చోట కుడికి తిరిగిందండీ. ఎడమను కుడి చేసి ఆడేది ఈ లోకంలో ఒక్కతే. దాన్ని అలా నిలబెట్టింది నేనే. తాళం ఒక్క క్షణం నిలిపి మళ్ళీ అందుకున్నాను. నేను అందుకోకపోతే ఆ పూటే అందరికీ తెలిసిపోయేది. అపచారమంటే నాదేనండీ, దాన్ని అనకండి. మీరు బృందాన్ని పిలిపించుకోండి. ఈ పదాలు నాకు తప్ప ఎవరికీ రావు, నా పిల్ల అడుగుకు తప్ప నేను పాడను.'

అచ్యుతరావు కొత్త పంచె సర్దుకుని, పెద్దలను అడిగి చెబుతానన్నాడు. ఎవరిని అడుగుతాడో, ఏం చెబుతాడో నాకు నమ్మకం లేదు. సేవ మనకు ఉంటుందని నేను చెప్పలేను. పోయినా పోవచ్చు. కాని అది నీ వల్ల పోయిందని మాత్రం ఎవరూ అనలేరు. సాయి గుడి బయట గట్టు మీద కూర్చుని ఉంటే, ఏడుస్తున్నాడనుకుని వెళితే నవ్వుతున్నాడు. వాడు అలా నవ్వి చాలా రోజులైంది.

రాత్రి భోజనాల దగ్గర మీ నాన్నను నిలదీశాను. 'తెలిసి కూడా నా ఉత్తరానికి జవాబెందుకు రాయలేదు? పిల్లనెందుకు అడగలేదు?' అన్నాను. వాడు అన్నం కలుపుతూ, 'అదే చెబుతుందని చూశాను. అది చెప్పలేదు' అని సాయి చేత రాయించాడు. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా నన్ను ఊళ్ళు తిప్పారు! వాడికి నీ మీద కోపం ఉంది, లేదని అబద్ధం చెప్పను. నీ పేరు కూడా పలకలేదు, 'అది' అనే అంటున్నాడు. ఎన్నాళ్ళుంటుందో ఆ కోపం, నేను హామీ ఇవ్వలేను.

కాని ఈ పొద్దున్న లేచి చూసేసరికి హాల్లో కుర్చీలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. ఏమిట్రా అంటే, ఆదివారం నిన్ను రమ్మన్నాడు. గజ్జెలు తెచ్చుకోమన్నాడు. అద్దంలా ఎదురుగా నిలబడడానికి ఎవరూ ఉండరట, తను ఒక్కడే కూర్చుని తాళం వేస్తాడట. ఆ కుడీ ఎడమా సరిపడేదాకా వదలనన్నాడు.

తప్పకుండా రా. నీ పక్కనే కూర్చుని భోంచేస్తాను, తిట్లన్నీ అప్పుడు తిడతాను.

నీ చాముండేశ్వరి అత్తయ్య